బొటనవేలి మేర

ఆవిడ అసలు పేరు హాజరు రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆ పరీక్షల గదిలో అందరికీ ఆవిడ కొలతమ్మ. ఆవిడ మందం చూడనిదే ఒక్క పీలిక కూడా లాగుడు మిషను ఎక్కదు కనుక ఆ పేరు. పెట్టినవాడు ఆ మిషను నడిపే పెద్దాయన. ఎదుటివాళ్ళకి పేర్లు తగిలించడం ఆయనకి సరదా. ఆయనకి ‘లాగుడు బాబాయి’ అన్న పేరు మాత్రం కొలతమ్మ చేతిమీదుగా వచ్చింది. చెల్లుకు చెల్లు.

వాళ్ళ పని గురించి బయటివాళ్ళకి చెప్పబోతే సగంలోనే ఆవులిస్తారు. నిజానికి అంత ఆవులించాల్సిన పనేమీ కాదది. మనిషి ఒంట్లో పెట్టబోయే మెత్తటి పాలిమర్ పదార్థాల్ని పల్చటి రేకులుగా పోసి ఈ గదికి పంపుతారు. కొలతమ్మ ఆ రేకు మీద ఇనప అచ్చు పెట్టి పీలికలు కొడుతుంది. రెండు కొసలూ వెడల్పు, నడుమ సన్నం. ఒక్కో పీలికకీ మూడుచోట్ల మందం చూసి రాస్తుంది. తరవాత పీలికల్ని సీసాకి ఆరు చొప్పున ఉప్పునీళ్ళలో వేసి, ఒంటివేడి ఎంతో అంతే వేడి ఉండే తొట్టిలో ఆ సీసాల్ని కూర్చోబెడుతుంది. అవి అక్కడ వారాల తరబడి నానుతాయి. గడువు తీరాక తీసి, తడి అద్ది ఇస్తే, బాబాయి వాటిని మిషను దవడల మధ్య బిగించి తెగేదాకా లాగుతాడు. ఎంత సాగి తెగిందో ఆ గదికి పెద్ద అయిన మేడమ్ రాసుకుంటుంది. “నువ్వు నానబెట్టు, నేను లాగుతా, మేడమ్ రాస్తుంది. ముగ్గురం కలిసి లోకాన్ని ఉద్ధరిస్తున్నాం” అంటాడు బాబాయి, మందం గేజి తుడుస్తున్న కొలతమ్మతో.

ఈ విడత నానుతున్నది వేళ్ళ కణుపుల్లో పెట్టే మెత్త. కీళ్ళరిగి వేళ్ళు కొంకర్లు పోయినవాళ్ళకి ఎముకకీ ఎముకకీ మధ్య చిన్న దిండులాగా దాన్ని అమరుస్తారు. మిగతా సరుకు మీద లేని మమకారం కొలతమ్మకి దీనిమీద ఉంది. ఎందుకంటే వాళ్ళ అత్తగారి వేళ్ళు రెండేళ్ళుగా ముడుచుకుపోయి ఉన్నాయి. ఎముకల డాక్టరు ఈ మెత్త గురించే చెప్పి, పరీక్షలు గట్టెక్కితే మొదట పెట్టే పదిమందిలో మీ పేరు రాస్తానన్నాడు. ఆ పరీక్ష తన కోడలి తొట్టిలోనే జరుగుతోందని తెలిసిన దగ్గర్నుంచీ అత్తగారు రోజూ సాయంత్రం, దూరపు చుట్టాల క్షేమం కనుక్కున్నట్టు, “పీలికలు బాగున్నాయా?” అని అడుగుతోంది.

ఎనిమిదో వారం సోమవారం నాటికి పీలికలు బాగానే ఉన్నాయి. పన్నెండు సీసాల్లో ఆరింటిని అప్పటికే లాగేశారు. ఒక్కో పీలికా నాలుగింతలు సాగి, ఇంక నా వల్ల కాదన్నట్టు టప్పున తెగింది. బాబాయి ఒక్కోదాన్నీ ఎప్పటిలాగే బిగించాడు. బిగింపు మరను ఒకటిన్నర చుట్టు తిప్పి, వేలితో ఒకసారి తట్టి, మీట నొక్కాడు. ఏడో సీసాలో మొదటి పీలిక రెండింతలు కూడా సాగకుండానే తెగింది.

“ఇదేంటే, ఇంత సుకుమారం?” అన్నాడు బాబాయి.

రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆరుకి ఆరూ అలాగే తెగాయి. మళ్ళీ ఎనిమిదో సీసా మొదలుపెడితే హాయిగా నాలుగింతలు. కొలతమ్మ రిజిస్టరులో ఏడో సీసా వరస చూసింది. అన్నింటితోపాటే కొట్టింది, అన్నింటితోపాటే నానబెట్టింది. నీళ్ళు అవే, తొట్టి అదే.

మేడమ్ వచ్చి గ్రాఫులు చూసింది. ఈ చోటుకి వచ్చి మూడేళ్ళయిన మనిషి. చదువులో పెద్దది, వయసులో కొలతమ్మకంటే చిన్నది, ఎవర్నీ ఏకవచనంతో పిలవదు. శుక్రవారం రిపోర్టు పంపాలన్న ఆదుర్దా ఆ వారం ఆవిడ నడకలో కూడా తెలుస్తోంది.

“బిగించేటప్పుడు పీలిక నలిగి ఉంటుంది” అంది.

“ఎప్పుడూ బిగించినట్టే బిగించానండీ” అన్నాడు బాబాయి.

“కావచ్చు. కానీ ఈమధ్య మీ చెయ్యి కాస్త వణుకుతోంది. నేను చూస్తున్నాను.”

ఆ మాట నిజమే. బాబాయి కుడిచెయ్యి టీకప్పు పట్టుకున్నప్పుడు వణుకుతుంది. మర తిప్పేటప్పుడు మాత్రం వణకదు. అది కొలతమ్మకి తెలుసు, బాబాయికి తెలుసు, ఆ మిషనుకీ తెలుసు. మేడమ్‌కి తెలిసే వీల్లేదు, ఆవిడ ఆయన్ని టీ తాగేటప్పుడే ఎక్కువ చూసింది.

“ఈ ఆరు అంకెలూ కొట్టేద్దాం. ఆపరేటరు పొరపాటు అని కారణం రాస్తాను. కారణం లేకుండా కొట్టేస్తే రిపోర్టు తిప్పి పంపుతారు” అంది మేడమ్. కొంచెం ఆగి, నేలవైపు చూస్తూ, “వచ్చే సోమవారం నుంచి మిషను మీద ఇంకొకరిని పెడతాను. మీరు స్టోరు చూసుకోండి. అక్కడ కూర్చునే పని” అంది.

బాబాయి మెత్తటి గుడ్డ తీసుకుని మిషను దవడలు రెండూ తుడిచాడు. తుడిచినవే మళ్ళీ తుడిచాడు. అందరికీ పేర్లు పెట్టే మనిషికి ఆ పూట ఒక్క మాట దొరక్కపోవడం చూస్తే కొలతమ్మకి ఒళ్ళు మండిపోయింది. మేడమ్ చెడ్డదైతే తిట్టుకుని ఊరుకోవచ్చు. మంచి మనిషి తప్పు మాట అన్నప్పుడే ఏం చెయ్యాలో తోచదు.

తెగిన ముక్కల్ని చెత్తబుట్టలో వెయ్యబోతూ కొలతమ్మ ఆగింది. దవడల్లో నలిగితే దవడల దగ్గర తెగాలి. ఇవి అక్కడ తెగలేదు. నడుమ సన్నం మొదలయ్యే చోటికి కాస్త కింద తెగాయి. ఆరుకి ఆరూ అక్కడే. ముక్కల్ని వరసగా బల్లమీద పేర్చి చూసుకుంది. తరవాత వాటిని ఒక కవరులో వేసి సంచిలో పెట్టుకుంది.

*

ఇంటికొచ్చేసరికి అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో, చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒకప్పుడు ఆ కిటికీ పక్కనే ఆవిడ కుట్టుమిషను ఉండేది. ముప్ఫయ్యేళ్ళు ఆ వీధిలో సగంమంది ఒంటిమీద ఆవిడ కుట్టిన బట్టలే. ఇప్పుడు మిషను మూత వేసి ఉంది. గోడకి తగిలించిన దిండుగలీబుకి మూడు వైపులే కుట్టు పడింది. నాలుగో వైపు మొదట్లో, దారంతో సహా, సూది గుచ్చి ఉంది. రెండేళ్ళ కిందట వేళ్ళు మొరాయించిన రోజు ఎక్కడ ఆపిందో అక్కడే. దాన్ని ముట్టుకోబోతే ఇంట్లో ఎవరికైనా చీవాట్లే. “నేనే గుచ్చాను, నేనే తీస్తాను” అంటుంది.

“పీలికలు బాగున్నాయా?”

“ఆరు బాగాలేవత్తయ్యా” అని కొలతమ్మ స్టవ్ మీద చిన్న గిన్నెలో నూనె గోరువెచ్చగా చేసి తెచ్చింది. పొద్దునా సాయంత్రమూ ఆవిడ వేళ్ళకి నూనె పట్టించడం కోడలి పని. ఒక్కో కణుపునీ బొటనవేలితో నొక్కి చుట్టూ తిప్పుతూ, బాబాయికి జరిగిందంతా చెప్పింది.

అత్తగారు అంతా విని, “ముక్కలు తెచ్చావా?” అంది.

“తెచ్చానని ఎలా తెలిసింది?”

“తేకపోతే నువ్వు నా కోడలివెలా అవుతావు?”

కొలతమ్మ కవరు తీసి ఒక ముక్క ఇచ్చింది. అత్తగారి వేళ్ళు మడవలేవు, పట్టలేవు. కానీ తెలుసుకోవడంలో మాత్రం ఏ లోటూ లేదు. ముక్కని అరచేతిలో పరుచుకుని, రెండో చేతి బొటనవేలితో పైనుంచి కిందికి నెమ్మదిగా రాసింది. మళ్ళీ కిందినుంచి పైకి రాసింది.

“ఇక్కడ ఉబ్బింది” అంది.

కొలతమ్మ తడిమి చూసింది. “నాకేం తెలియడం లేదు.”

“నీ వేళ్ళకి గ్లౌజుల జబ్బు పట్టింది. ఇదిగో, ఇక్కడ మొదలై ఇక్కడితో ఆగింది.” అత్తగారు తన బొటనవేలిని ఆ చోట ఆనించింది. సరిగ్గా సరిపోయింది. “బొటనవేలి మేర. ఎవరో పట్టుకున్నారే దీన్ని.”

“అక్కడెవరూ ఒట్టిచేత్తో ముట్టుకోరత్తయ్యా. ముట్టుకుంటే ఆ బల్ల పనిలోంచే తీసేస్తారు. అందరం గ్లౌజులు వేసుకునే...”

మాట పూర్తి కాలేదు. కొలతమ్మ తన ఎడమచేతి వంక చూసుకుంది. బొటనవేలు నూనెతో నిగనిగలాడుతోంది.

“ఏమే, ఆపేశావేం?”

ఎనిమిది వారాల కిందటి పొద్దున గుర్తొచ్చింది. ఆరోజు అత్తగారికి నొప్పి ఎక్కువగా ఉండి, నూనె రెండుసార్లు పట్టించాల్సి వచ్చింది. బస్సు తప్పిపోతుందని చేతులు తువ్వాలుకి తుడిచేసుకుని పరిగెత్తింది. సబ్బుతో కడుక్కున్న గుర్తు లేదు. గదిలో ఆరు సీసాల పీలికల్ని గ్లౌజులతోనే పట్టుకుంది. ఏడో సీసాకి వచ్చేసరికి గేజి మీద పీలిక అంటుకుపోయి, గ్లౌజు వేళ్ళకి కొస చిక్కలేదు. ఎవరూ చూడకుండా ఎడమ గ్లౌజు తీసేసి, సన్నం మొదలయ్యే చోటికి కొంచెం కిందుగా వేలితో నొక్కిపట్టి మందం చూసింది. ఆరింటికీ అలాగే చేసింది. ఆ తరవాత మనసు పీకి, గ్లౌజు మళ్ళీ తొడుక్కుంది. తీసింది ఆరు పీలికల సేపే.

“అది నా వేలత్తయ్యా” అంది కొలతమ్మ.

అత్తగారు ఏ ఓదార్పూ చెప్పలేదు. ముక్కని ఇంకోసారి తడిమి, వేరే దారిలో వెళ్ళింది. “ఒక్క వేలికంటిన నూనె. తుడిచేసిన చెయ్యి. దానికే ఇంత తాగి, ఇంత ఉబ్బి, తెగిందా?”

“అలాగే ఉంది.”

“మరి ఒంట్లో పెడితే?”

“ఒంట్లో నూనె ఎక్కడుంటుంది? ఒళ్ళంటే ఉప్పునీళ్ళనేగా అందులో నానబెడతాం.”

“ఒళ్ళంటే ఉప్పునీళ్ళేనా? కొవ్వుండదూ? నా ఒంట్లో అయితే కొవ్వు తప్ప ఇంకేమీ లేదని మీ మామగారు నలభయ్యేళ్ళు చెప్పారు.”

కొలతమ్మకి నవ్వొచ్చింది, వెంటనే ఆగిపోయింది. అత్తగారు మాత్రం ఉత్సాహంగా చెప్పుకుపోయింది. “గుడ్డ తడపకుండా కత్తిరించకూడదని నేర్చుకునే రోజుల్లోనే చెబుతారు. నేను తడిపాను, చన్నీళ్ళలో. ఒక మహాతల్లి గౌను తీసుకెళ్ళి మరిగే నీళ్ళలో ఉతికింది. మర్నాడు మోచేతులదాకా కుంచించుకుపోయిన గౌను చేతులతో కొట్టు ముందు నిలబడింది. అప్పుడర్థమైంది నాకు. తడపడం కాదు, ఎందులో ఉతుకుతారో అందులో తడపాలి.”

ఆ మాటలతో ఎవరి వేళ్ళ మీదికి ఏం రాబోతోందో అత్తగారికి తట్టిందో లేదో కొలతమ్మకి తెలియలేదు. తనకి మాత్రం తట్టింది. మిగిలిన నూనె వేళ్ళకి పట్టించడం పూర్తిచేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

*

మంగళవారం పొద్దున ఒక చిన్న సీసాలో వంటనూనె పోసుకుని పనికి వెళ్ళింది. రేకులో మిగిలిన కత్తిరింపుల నుంచి నాలుగు పీలికలు కొట్టింది. రెండు ఉప్పునీళ్ళలో వేసింది, రెండు నూనెలో. సీసాలకి చీటీలు అంటించకుండా తొట్టి మూల, థర్మామీటరు వెనకాల పెట్టింది. బాబాయి మిషను దగ్గర నిలబడి ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

“పదకొండేళ్ళలో చీటీ లేని సీసా నీ చేతిలో చూడలేదు. దొంగ కాపురమా?” అన్నాడు.

ఆయనకి చెప్పేసింది. గ్లౌజు సంగతి, బొటనవేలు సంగతి, అత్తగారి ప్రశ్న, అన్నీ. బాబాయి గేజి కింద ఒక తెగిన ముక్క పెట్టించి తను స్వయంగా చూశాడు. ఉబ్బిన చోట మందం ఎక్కువుంది. మిగతా అంతా రిజిస్టరులో రాసినంతే. ఆయన మొహంలో మొదట కనిపించింది ఊరట కాదు, సరదా.

“అంటే నీ వేలిముద్ర ఎనిమిది వారాలు ఉప్పునీళ్ళలో నానినా చెరగలేదన్నమాట. పోలీసోళ్ళకి పనికొస్తుంది ఈ సరుకు.”

“బాబాయ్, నేను మేడమ్‌కి చెబుతాను.”

సరదా పోయింది. “చెబితే నిన్ను బల్ల మీదినుంచి లేపేస్తారు. నాకు ఇంకా ఉన్నది ఏడాదిన్నర. స్టోరులో కూర్చుని మేకులకీ మరలకీ పేర్లు పెట్టుకుంటాను. నువ్వు ఊరుకో.”

“నీ చెయ్యి వణకలేదుగా.”

“వణకలేదు” అన్నాడు బాబాయి. ఆ ఒక్క మాటా ఎవరో ఒకరు అనాలని ఆయన సోమవారం నుంచీ కాచుకుని ఉన్నట్టు కొలతమ్మకి అర్థమైంది. ఆయన ఇంక ఊరుకోమనలేదు.

రెండు రోజులూ ఇద్దరూ పన్లు చేసుకుంటూనే మూలన ఉన్న సీసాల చుట్టూ తిరిగారు. తియ్యకూడదు, గడువు గురువారం పొద్దున అని వాళ్ళే పెట్టుకున్నారు. బుధవారం మధ్యాహ్నం బాబాయి నాలుగుసార్లు థర్మామీటరు చూడ్డానికి వెళ్ళాడు. కొలతమ్మ ఒకసారి దీపం వెలుతురుకి సీసా పట్టుకుని చూస్తూ ఆయనకి దొరికిపోయింది. పీలికలు పెద్దవైనట్టు అనిపించింది, కాదనీ అనిపించింది. ఇది నిజమవాలని కోరుకుంటున్నానా, కాకూడదనా అని ఆవిడ తనని తాను అడుగుతోంది. నిజమైతే అత్తగారి సూది అక్కడే ఉంటుంది. కాకపోతే ఒక పిచ్చి అనుమానంతో రెండు రోజులు పాడుచేసుకున్నట్టు. చిత్రం ఏమిటంటే, ఏది కావాలో తేల్చుకోలేకపోయినా, చూడాలన్న ఆత్రం మాత్రం గంటగంటకీ పెరిగింది.

గురువారం పొద్దున మేడమ్ రాకముందే తీశారు. ఉప్పునీళ్ళ పీలికలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నూనె పీలికల్ని ఉప్పునీళ్ళ పీలిక పక్కన పెడితే తమ్ముడి పక్కన అన్నల్లా ఉన్నాయి. పొడుగూ వెడల్పూ పెరిగి, చేతిలో మెత్తగా వేలాడుతున్నాయి. బాబాయి ఒకదాన్ని బిగించాడు. మరను ఒకటిన్నర చుట్టు తిప్పి, వేలితో తట్టి, మీట నొక్కాడు. ఒకటిన్నర రెట్లు సాగిందో లేదో, చప్పుడు కూడా లేకుండా రెండు ముక్కలైంది.

“రెండోది ఉంచుకో. ఆవిడకి చూపించాలి” అన్నాడు బాబాయి.

*

మేడమ్ గది చిన్నది. బల్ల మీద రిపోర్టు కాగితాలు దొంతరగా ఉన్నాయి. పైన ఉన్న కాగితం మీద ఏడో సీసా అంకెలు ఆరింటిమీదా పెన్సిల్ గీత గీసి ఉంది. కొలతమ్మ నిలబడే చెప్పింది. నూనె, తువ్వాలు, బస్సు, ఎడమ గ్లౌజు. తెగిన ముక్కల్ని బల్ల మీద పేర్చి, వాటి పక్కన తన బొటనవేలు ఆనించి చూపించింది. బాబాయి తప్పేమీ లేదని రెండుసార్లు అంది.

మేడమ్ అద్దాలు తీసి కళ్ళు నలుపుకుంది. తల ఎత్తేసరికి మొహం తేలికపడి ఉంది.

“మీరు చెప్పడం మంచిదైంది. నిజానికి నాకూ ఆ కారణం రాయడం ఇష్టం లేకపోయింది. ఆయన్ని పిలిచి నేనే చెబుతాను, సోమవారం ఆయనే మిషను మీద ఉంటారు.” పెన్సిల్ తీసుకుని ‘ఆపరేటరు పొరపాటు’ అన్నది చెరిపింది. “నమూనాకి పైనుంచి నూనె అంటింది, అందుకని లెక్కలోంచి తీసేశాం. ఇది ఇంకా గట్టి కారణం. ఎవరూ తిప్పి పంపరు. గ్లౌజు విషయంలో మెమో ఇస్తాను, తప్పదు. బల్ల మీదినుంచి తియ్యను. మీలా మందం చూసేవాళ్ళు నాకెక్కడ దొరుకుతారు?”

కొలతమ్మ ఇంత సులువుగా తెములుతుందని కలలో కూడా అనుకోలేదు. బాబాయి నిలిచాడు. తన ఉద్యోగం నిలిచింది. ఆరు అంకెలూ పోతే మిగిలినవన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. మెత్త గట్టెక్కుతుంది. ఇంకో నాలుగు నెలల్లో అత్తగారు గోడమీది దిండుగలీబు దింపి, సూది తీసి, నాలుగో వైపు కుట్టేస్తుంది. తను చెయ్యాల్సిందల్లా “థాంక్సండీ” అని తలుపు తీసుకుని బయటికి పోవడం. జేబులో ఉన్న చిన్న కవరు సంగతి ఈ గదిలో ఎవరికీ తెలియదు. బాబాయికి ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.

“థాంక్సండీ” అంది. తలుపు దాకా వెళ్ళింది కూడా. వెళ్ళిపోవాలనే ఉంది ఆవిడకి, అందులో దాపరికం ఏమీ లేదు. కానీ పదకొండేళ్ళుగా ఏ పీలికనీ కొలవకుండా వదలని మనిషి. కొలిచినదాన్ని రాయకుండా వదలడం చేతకాలేదు.

వెనక్కి వచ్చి కవరు తీసి, ఉబ్బిన పీలికని రిపోర్టు మీద పెట్టింది. పక్కన ఉప్పునీళ్ళ పీలిక పెట్టింది.

“ఇదేంటి?”

“నూనెలో వేశానండీ. మన తొట్టిలోనే. రెండు రోజులు.”

“ఎందుకు?”

“మా అత్తయ్య అడిగింది. ఒళ్ళంటే ఉప్పునీళ్ళేనా, కొవ్వుండదా అని.”

“ఈ పరీక్షల ప్రమాణాల పుస్తకంలో ఉప్పునీళ్ళే రాసి ఉంది. అందరూ అలాగే చేస్తారు.”

“అవునండీ. నేనూ పదకొండేళ్ళుగా అలాగే చేస్తున్నాను. నాకూ ఎప్పుడూ తట్టలేదు.”

మేడమ్ డ్రాయరు లాగి స్కేలు తీసి పొడుగు చూసింది. చాలక, లేచి కొలతమ్మ వెంట గదిలోకి వచ్చి గేజి మీద మందం చూసింది. గ్లౌజు లేకుండానే చూసింది. అది ఇద్దరూ గమనించారు, ఇద్దరూ ఊరుకున్నారు. పీలికని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగింది. అది చేతిలోనే తెగిపోయింది. ఆవిడ ఆ ముక్కల్ని చూస్తూ ఉంటే, ఆదుర్దా పోయి, పరీక్షలంటే ఇష్టపడి ఈ పనిలోకి వచ్చిన ఒక అమ్మాయి ఆ మొహంలో కనిపించింది.

“వంటనూనె వేరు, ఒంట్లో కొవ్వు వేరు” అంది తనలో తను అనుకుంటున్నట్టు. “ఇంత వేగంగా తాగకపోవచ్చు. అసలు తాగకపోవచ్చు. లేదా ఏడాదికో రెండేళ్ళకో వేలిలోనే తెగొచ్చు. మనకి తెలియదు. తెలియదని కూడా ఇవాళ్టిదాకా తెలియదు.”

“అవునండీ.”

“ఇది రిపోర్టులో రాస్తే ఈ సరుకు ఇక్కడే ఆగిపోతుంది. మళ్ళీ కలపాలి, మళ్ళీ పొయ్యాలి, ఈసారి కొవ్వులో కూడా నానబెట్టాలి. తక్కువలో తక్కువ ఏడాది.” తల ఎత్తి చూసింది. “మీ అత్తగారి పేరు డాక్టరుగారి జాబితాలో ఉందని మీరే చెప్పారు కదా.”

“చెప్పానండీ.”

“ఆవిడకి తెలుసా, ఆ ప్రశ్న అడిగితే ఏమవుతుందో?”

“ఇవాళ సాయంత్రం తెలుస్తుందండీ” అంది కొలతమ్మ.

మేడమ్ తన గదిలోకి వెళ్ళి రబ్బరు తీసుకుని, ఆరు అంకెల మీది గీతని చెరిపేసింది. కింద ఏదో రాయడం మొదలుపెట్టింది. రాస్తూనే, తలుపు దగ్గర తచ్చాడుతున్న బాబాయిని పిలిచి, “సోమవారం చాలా లాగాల్సి ఉంటుంది. సోమవారం నాటికి ఆ చెయ్యి బాగా చూసుకోండి” అంది. క్షమాపణ అనే మాట ఆవిడ వాడలేదు. కానీ లేచి నిలబడి చెప్పింది. బాబాయి తరవాత వరండాలో, “మేడమ్‌కి పేరు పెట్టడం వాయిదా వేశాను” అన్నాడు.

*

సాయంత్రం అత్తగారు అదే కుర్చీలో ఉంది.

“పీలికలు బాగున్నాయా?”

కొలతమ్మ నూనె వెచ్చబెట్టి తెచ్చి, ముందర కూర్చుని, ఆవిడ కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చూపుడువేలి మొదటి కణుపు దగ్గర మొదలుపెట్టి చెప్పడం మొదలుపెట్టింది. చిటికెనవేలికి వచ్చేసరికి చెప్పడం అయిపోయింది. ఏడాది అన్న మాట మాత్రం చిటికెనవేలి దాకా దాచుకుంది.

అత్తగారు చాలాసేపు కిటికీలోంచి వీధిలోకి చూసింది. కొలతమ్మ చెయ్యి వదల్లేదు. తిడితే బాగుండునని ఉంది ఆవిడకి. తలుపు దాకా వెళ్ళి ఎందుకు వెనక్కొచ్చావే అని అడిగితే ఏం చెప్పాలో దారి పొడుగునా వెతుక్కుంటూనే వచ్చింది.

“నూనెలో వేసింది ఎంత పెరిగింది?” అని అడిగింది అత్తగారు.

కొలతమ్మకి ముందు అర్థం కాలేదు. తరవాత తన చిటికెనవేలు చూపించి, “పొడుగు ఇంత ఉన్నది, ఇంతయింది” అని చూపుడువేలు చూపించింది.

“రెండు రోజుల్లోనే?”

“రెండు రోజుల్లోనే.”

“ముక్క తెచ్చావా?”

తెచ్చింది. అత్తగారు దాన్ని అరచేతిలో పరుచుకుని బొటనవేలితో పైకీ కిందికీ రాసింది. ఒకచోట ఆగి గట్టిగా నొక్కింది. అది వేలి కిందే చీలింది. ఆవిడ ఆ చీలిక వంక, తర్వాత తన కణుపుల వంక చూసుకుంది.

“ఇదా నాలో పెడదామనుకున్నారు” అంది. కోపంగా అనలేదు. కొలతలు తప్పిన జాకెట్టుని తిరగేసి చూసే దర్జీ గొంతుతో అంది. ముక్కని కవరులో పెట్టమని ఇచ్చేసింది.

“అత్తయ్యా, నేను...”

“ఉప్పునీళ్ళవి కూడా వేస్తారా ఈసారి, కొవ్వువి మాత్రమేనా?”

“రెండూ వేస్తాం.”

“రెండూ కలిపి కూడా ఒక సీసా వెయ్యమను మీ మేడమ్‌ని. ఒంట్లో అవి వేరువేరు గదుల్లో ఉండవుగా.”

కొలతమ్మ తల ఊపింది. ఎడమచెయ్యి అందుకుని మళ్ళీ చూపుడువేలి దగ్గర మొదలుపెట్టింది. వీధిలో వెలుతురు తగ్గుతోంది. గోడమీది దిండుగలీబు తెల్లగా కనిపిస్తోంది.

“ఏడాదంటే చాలానే” అంది అత్తగారు అటు చూస్తూ. “సూది తుప్పు పడుతుంది. నీ చెయ్యి ఎలాగూ నూనెగానే ఉంది కదా, లేచి దానికి కాస్త రాసి, మళ్ళీ ఆ కుట్టులోనే గుచ్చు.”

రెండేళ్ళలో ఆ సూదిని ముట్టుకోమని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. కొలతమ్మ లేచి వెళ్ళి, దారం జారకుండా సూదిని మెల్లగా బయటికి తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మొన దాకా ఒకసారి రాసి, తీసిన చోటే మళ్ళీ గుచ్చింది.